చేను – రేవు

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలోని సముద్రతీర గ్రామం. అంతకుముందరి పాలకులు, గాలివాటున దారితప్పి తమ తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతటిని బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని సముద్రవర్తకులకు మాట ఇచ్చాడు. చరిత్రకారులు దీనిని అభయశాసనమని పిలిచారు. ఇందులో వర్తకునికి లభించినది కేవలం ధనలాభం కాదు. ఓడ బయలుదేరేనాటికే, ఆవలి తీరంలో తనకేమి జరుగుతుందో తెలిసివుండడం అతనికి దక్కిన అసలు లాభం. సుంకం ఎంత అన్నదానికన్న, అది ముందుగా నిర్ణయమై ఉన్నదా లేదా అన్నదే అతనికి ముఖ్యం.

వరి పండించే రైతు కూడ ఒక విధంగా అటువంటి వర్తకుడే. జూన్‌లో నారు పోస్తాడు. జూలైలో, ఆగస్టులో ఊడుస్తాడు. కోతలు నవంబరు, డిసెంబరు నెలల మాట. విత్తనం మడిలో పడిన నాటినుండి ధాన్యం కళ్లానికి చేరేవరకు దాదాపు ఐదు నెలలు పడుతుంది. ఈ ఐదు నెలలలో ధరను గురించి ఏ నిర్ణయం వెలువడినా అతడు వెనుకకు తిరగలేడు. కర్మాగారంలో యంత్రాన్ని ఆపినట్లు చేనును ఆపడం సాధ్యం కాదు. ప్రభుత్వం మాత్రం ఏ నెలలోనైనా, ఏ రాత్రి అయినా ఒక ప్రకటనతో విధానాన్ని మార్చగలదు. చేనుకొక కాలపట్టిక, కార్యాలయానికి వేరొక కాలపట్టిక. ఈ రెండింటి నడుమ ఉన్న ఎడమే మన దేశపు బియ్యం ఎగుమతుల చరిత్రలో అధికభాగాన్ని నడిపించింది.

రేవులో జరిగే మార్పు చేనుకు ఎట్లా చేరుతుందో తెలుసుకోవడానికి కాకినాడ మంచి తావు. అక్కడి పాత లంగరు రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. లోతు చాలనందున సముద్రంలోనే నిలిచి ఉంటాయి. హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి అలల తాకిడిని అడ్డుకొంటుంది. కార్మికులు బియ్యం బస్తాలను బార్జీలలోకి ఎత్తుతారు. ఆ బార్జీలు ఓడ పక్కకు చేరిన తరువాత బస్తాలు ఓడలోనికి ఎక్కుతాయి. వాన వస్తే పని నిలిచిపోతుంది. ఈ రేవునుండి పశ్చిమాఫ్రికా దేశాలకు విశేషంగా బియ్యం వెళుతుంది. బెనిన్ వంటి దేశాలు ఉప్పుడు బియ్యాన్ని, సెనెగల్ నూకను ఎక్కువగా కొంటాయి. ఓడ కదిలితే ఎగుమతిదారు మిల్లుకు ఫోను చేస్తాడు. మిల్లరు దళారికి చెబుతాడు. దళారి కళ్లం వద్దకు వస్తాడు. ఓడ కదలకపోతే ఈ వరుసంతా తిరగబడుతుంది. మిల్లులో బియ్యం పేరుకొన్నప్పుడు మిల్లరు కొత్త ధాన్యం కొనడానికి వెనుకాడుతాడు. ఆఫ్రికా పేరు వినని రైతుకు కూడ ఆఫ్రికాలో బియ్యపు గిరాకీ తగులుతుంది. అయితే అది తేమ ఎక్కువ ఉందనో, తాలు ఉందనో, గోనెసంచులు లేవనో, వారం తరువాత రమ్మనో వేరే మాటలలో అతనికి వినిపిస్తుంది.

ఇంత బియ్యం ఎగుమతి చేయగల స్థితికి దేశం రావడమే ఒక విధాన ఫలితం. 1950-51లో భారతదేశంలో పండిన బియ్యం సుమారు 2 కోట్ల 6 లక్షల టన్నులు. 1960వ దశకం మధ్యలో వరుస కరవుల వలన అమెరికా గోధుమల కోసం ఎదురుచూడవలసిన దుస్థితి దాపురించింది. ఆ సమయంలోనే 1965లో రెండు సంస్థలు ఏర్పడ్డాయి. ధాన్యం కొని నిల్వచేసి పంపిణీ చేయడానికి భారత ఆహార సంస్థ, పంటల ధరలను సిఫారసు చేయడానికి వ్యవసాయ ధరల కమిషను. పంట చేతికి వచ్చినప్పుడు ధర పడిపోతే ప్రభుత్వమే కనీస మద్దతు ధరకు కొంటుందన్న హామీ అట్లా రూపుదాల్చింది. మరుసటి ఏడు, 1966లో, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్.8 అనే పొట్టి వంగడాన్ని విడుదల చేసింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు ఆ వంగడాన్ని తొలినాళ్లలోనే పండించి, విత్తనం వ్యాప్తికి తోడ్పడి దేశమంతటా పేరు పొందాడు.

ఆ తరువాతి కథలో మన పరిశోధన కేంద్రాల పాత్ర గొప్పది. మారుటేరు కేంద్రం 1982లో స్వర్ణను, బాపట్ల కేంద్రం 1986లో సాంబ మసూరిని ఇచ్చాయి. రైతులు వీటిని ఎం.టి.యు. 7029 అని, బి.పి.టి. 5204 అని అంకెలతోనే వ్యవహరిస్తారు. స్వర్ణ ఒడిశా, బెంగాల్, బీహార్ రాష్ట్రాలదాకా పాకింది. విత్తనం, నీరు, ఎరువు, వీటన్నింటికీ మించి కొనేవాడు ఉన్నాడన్న ధైర్యం కలిసివచ్చినప్పుడు రైతు ఏమి చేయగలడో ఆ రెండు దశాబ్దాలు చూపించాయి. ధర హామీ లేకుండ విత్తనం ఒక్కటే ఈ పని చేసివుండేదని అనుకోవడం పొరపాటు.

మిగులు ఏర్పడిన పిమ్మట దానిని ఏమి చేయాలన్న ప్రశ్న వచ్చింది. 1991 ఆర్థిక సంస్కరణల క్రమంలో 1994లో బాస్మతియేతర బియ్యం ఎగుమతిపై ఉన్న ఆంక్షలు తొలగాయి. ఫలితం వెంటనే కనబడింది. 1995-96లో దేశంనుండి దాదాపు 50 లక్షల టన్నుల బియ్యం వెలుపలికి వెళ్లింది. అంతవరకు మన విదేశీ బియ్యపు వ్యాపారమంటే ఉత్తరాది బాస్మతి. గోదావరి, కృష్ణా డెల్టాల సామాన్యపు బియ్యానికి విదేశీ విపణి ఉన్నదని అప్పుడు విస్పష్టమైంది. ఆ బియ్యం ధనవంతుల పళ్లెంలోనిది కాదు. ఆఫ్రికాలోను, ఆసియాలోను పేదలు తినేది. ఈ సంగతి ముందుముందు చాలా ముఖ్యమవుతుంది.

2007లో కథ మలుపు తిరిగింది. ప్రపంచమంతటా ఆహార ధరలు పెరగసాగాయి. దేశంలో గోధుమ నిల్వలు తగ్గి దిగుమతి చేసుకోవలసివచ్చింది. చౌకధరల దుకాణాలకు బియ్యం చాలదేమోనన్న భయంతో కేంద్ర ప్రభుత్వం 2007 అక్టోబరులో బాస్మతియేతర బియ్యం ఎగుమతిని నిషేధించింది. అదే నెల చివరలో నిషేధాన్ని సడలించి, ఫలానా ధరకు తగ్గకుండ మాత్రమే అమ్మాలని కనీస ఎగుమతి ధర విధించింది. దానిని మెట్టు మెట్టుగా పెంచింది. 2008 ఏప్రిల్‌లో తిరిగి పూర్తి నిషేధం వచ్చింది. వియత్నాం కూడ తన ఎగుమతులను బిగించింది. అమ్మేవారు ఒక్కసారిగా చేయి వెనుకకు తీసుకోవడంతో, ఆ వసంతంలో థాయి బియ్యం ధర టన్నుకు 1000 డాలర్లను దాటింది. పంట తక్కువై పుట్టిన కరవు కాదది. భయం వలన పుట్టిన కరవు.

నిషేధానికి మూలమైన ఆలోచనను తేలికగా కొట్టివేయలేము. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం మొదలైనప్పుడు పేద ఇండ్లలో దాని విలువ ఎంతటిదో అందరూ చూశారు. కూలికి వెళ్లే కుటుంబం బియ్యాన్ని కొనుక్కొనే తింటుంది. ఎకరమో అరెకరమో ఉన్న చిన్నరైతు సైతం ఏడాదిలో కొన్ని నెలలు కొనుక్కొనేవాడే. బియ్యం ధర పెరిగితే ముందుగా కుంగేది వారే. దేశంలో ఆకలి ఉండగా ఓడలకు బియ్యం ఎక్కించడం ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి తోడుగా వేరొక ప్రశ్న కూడ అడగాలి. పేదవానికి చౌకబియ్యం ఇవ్వడానికి అయ్యే ఖర్చును ఖజానా భరించాలా, లేక చేను భరించాలా? ఎగుమతి నిషేధం బడ్జెటులో కనిపించని పన్ను. దానిని కట్టేవాడికి రశీదు కూడ ఇవ్వరు.

2008లో తాత్కాలికమనుకొన్న నిషేధం మూడేండ్లకు పైగా సాగింది. ఈలోగా పంటలు బాగా పండాయి. గోదాములు నిండాయి. ఆనాటి లెవీ పద్ధతిలో ఆంధ్రప్రదేశ్ మిల్లర్లు తమ బియ్యంలో నూటికి 75 పాళ్లు భారత ఆహార సంస్థకు ఇవ్వాలి. గోదాములో చోటు లేకపోతే ఆ సంస్థ తీసుకోలేదు. మిగిలిన పాతిక పాళ్లు ఓడ ఎక్కడానికి వీలులేదు. మిల్లరు వద్ద సరకు కదలలేదు గనుక రైతు వద్ద ధాన్యం కదలలేదు. 2010-11లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1000 రూపాయలు. కాగితం మీది ఆ ధర చాలామందికి కళ్లంలో దక్కలేదు.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు చేసిన పని అప్పటివరకు ఎవరూ ఊహించనిది. గోదావరి ప్రక్కనే ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్టనుండి కాలువలలో నీరు వచ్చింది. అయినను అమలాపురం పరిసరాలలో వేలాది ఎకరాలలో నాట్లు వేయకుండ భూమిని బీడుగా వదలివేశారు. దానికి పంట విరామమని పేరు వచ్చింది. గిట్టుబాటు కాని ధర, పెరిగిన కూలి రేట్లు, మురుగుకాలువలు పూడిపోయి చేలు మునగడం, ఎగుమతి నిషేధం వారు చెప్పిన కారణాలలో ముఖ్యమైనవి. నీరు లేక బీడుపడిన నేలను తెలుగుదేశం ఎరుగును. నీరుండి బీడుపడిన నేల అప్పుడు వార్త అయింది. రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించి కారణాలను విచారింపజేసింది.

ఆ విరామాన్ని కీర్తించడం సులభమే గాని, దాని భారం ఎవరిపై పడినదో కూడ చూడాలి. డెల్టాలో సాగుచేసేవారిలో చాలామంది కౌలుదారులు. వారు భూస్వామికి ఎకరానికి ఇన్ని బస్తాలని ముందుగా ఒప్పుకొంటారు. పండినా పండకున్నా, ధర ఉన్నా లేకున్నా ఆ బస్తాలు కొలవాలి. మిగిలిన బస్తాలతో పెట్టుబడి, వడ్డీ, సంసారం గడవాలి. ధరలో క్వింటాలుకు వంద రూపాయలు తగ్గితే ఆ దెబ్బంతా ఈ మిగిలిన బస్తాల మీదనే పడుతుంది. భూమి బీడు పెట్టినప్పుడు నాట్లకు వెళ్లే స్త్రీలకు ఆ ఋతువులో కూలి లేదు. విధానం మీద కోపంతో మానివేసిన పంట, ఆ విధానంతో ఏ సంబంధమూ లేని ఇండ్లలో పొయ్యి మీద ప్రభావం చూపింది.

విడ్డూరమేమంటే, సరిగా ఆ సంవత్సరమే, 2011 సెప్టెంబరులో, కేంద్రం ఎగుమతికి అనుమతి ఇచ్చింది. అప్పటికి నాట్ల కాలం దాటిపోయింది. ఆ ప్రకటన మే నెలలో వచ్చివుంటే కోనసీమలో ఎన్ని ఎకరాలు నాటుపడేవో ఎవరు చెప్పగలరు! 2012లో భారతదేశం థాయిలాండ్‌ను దాటి ప్రపంచంలో అత్యధికంగా బియ్యం ఎగుమతి చేసే దేశమైంది. మూడేండ్లు మూసిన తలుపు తెరిచిన వెంటనే ఇంత బియ్యం వెలుపలికి వచ్చిందంటే, అదంతా ఆ మూడేండ్లు ఎక్కడ ఒత్తిడి పెంచుతూ నిలిచివుండినదో ఊహించవచ్చు.

ఆ తరువాత పదేండ్లు రేవు తెరిచే ఉన్నది. 2015లో లెవీ పద్ధతి కూడ రద్దయింది. 2021 ఫిబ్రవరిలో, లంగరు రేవు వద్ద ఓడలు బారులు తీరినందున, కాకినాడ లోతునీటి రేవునుండి కూడ బియ్యం పంపడం మొదలైంది. 2021-22లో దేశపు బియ్యం ఎగుమతి 2 కోట్ల 10 లక్షల టన్నులను మించింది. ప్రపంచంలో జరిగే బియ్యపు వర్తకంలో ఇది సుమారు నూటికి 40 పాళ్లు. 2020లో వచ్చిన మూడు సాగు చట్టాలు విపణిని మార్చదలచినా, రైతుల ఆందోళన అనంతరం 2021 చివరలో రద్దయినందున వరి వ్యాపారంపై వాటి ముద్ర నిలువలేదు.

ఈ దశలో తెలంగాణలో వేరొక మార్పు జరిగింది. 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం, వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చాయి. చెరువులు, ఎత్తిపోతలు, బోర్లు కలిసి వరి విస్తీర్ణాన్ని కొన్ని రెట్లు పెంచాయి. జొన్న, కంది పండిన చెలకలు సైతం మడులయ్యాయి. అయితే యాసంగి పంటకు ఒక చిక్కు ఉన్నది. అది ఏప్రిల్ ఎండలలో కోతకు వస్తుంది. వేడికి గింజలో పగుళ్లు ఏర్పడి, పచ్చి బియ్యంగా మర పట్టిస్తే నూక ఎక్కువవుతుంది. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరిపట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తే ఆ పగుళ్లు అతుక్కొంటాయి. అందువలన యాసంగి ధాన్యమంటే మిల్లులకు ఉప్పుడు బియ్యమే. ఉప్పుడు బియ్యం నిల్వలు చాలినన్ని ఉన్నవి గనుక ఇక తీసుకోలేమని 2021లో కేంద్రం తెలిపింది. రాష్ట్ర ప్రభుత్వం యాసంగిలో వరి వేయవద్దని రైతులను కోరింది. ఈ వివాదం 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో రాష్ట్ర ప్రభుత్వ పక్షాన దీక్షకు దారితీసింది. చివరకు ఆ ధాన్యాన్ని రాష్ట్రమే కొంటానని ప్రకటించింది.

ఆ మాటలు చల్లారకముందే 2022 సెప్టెంబరులో నూక ఎగుమతిని కేంద్రం నిషేధించింది. కొన్ని రకాల బియ్యంపై 20 శాతం సుంకం వేసింది. 2023 జూలై 20న బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని పూర్తిగా ఆపివేసింది. మరుసటి నెలలో ఉప్పుడు బియ్యంపైన 20 శాతం సుంకం విధించింది. ఎల్‌నినో వలన వానలు తగ్గుతాయన్న భయం, పెరుగుతున్న చిల్లర ధరలు, సమీపిస్తున్న ఎన్నికలు అప్పటి పరిస్థితులు. ఏడాదిన్నర వ్యవధిలో తెలంగాణ రైతు రెండు మాటలు విన్నాడు. వరి మిక్కిలి ఎక్కువైంది, వేయవద్దన్నది మొదటిది. బియ్యం తక్కువ కావచ్చు, బయటికి పోనివ్వమన్నది రెండవది. రెండింటికీ వాటివాటి కారణాలు ఉన్నవి. కాని రెండింటినీ విన్న చెవి ఒక్కటే.

ఆ జూలైలో అమెరికాలోని భారతీయ కిరాణా దుకాణాల ముందు జనం బారులు తీరారు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. సోనా మసూరి బస్తాలు గంటలలో అయిపోగా, కొందరు దుకాణదారులు ఇంటికి ఒక్క బస్తా అని నియమం పెట్టారు. ఇది నవ్వు పుట్టించే సంఘటనే. కాని బెనిన్‌లోనో సెనెగల్‌లోనో రోజుకూలి చేసే కుటుంబానికి బస్తా దాచుకొనే వెసులుబాటు లేదు. ప్రపంచ విపణిలో బియ్యం ధర పదిహేనేండ్ల గరిష్ఠ స్థాయికి చేరింది. మన పేదలను కాపాడదలచిన ఆజ్ఞ పరదేశపు పేదలను తాకింది.

ఇక్కడ ఒక విషయం న్యాయంగా చెప్పుకోవాలి. ఈసారి నిషేధమున్నను సన్నరకం ధాన్యం ధర మన మండీలలో మద్దతు ధరకు పైననే నిలిచింది. ప్రైవేటు వ్యాపారులు పోటీపడి కొన్నారు. కాబట్టి ఎగుమతి ఆగిన ప్రతిసారి రైతు ధర కూలుతుందన్న సూత్రం సరికాదు. పంట ఎంత, నిల్వ ఎంత, ఏ రకం అన్నవి కలిసి ధరను నిర్ణయిస్తాయి. దొడ్డురకం పండించినవానికి ప్రభుత్వమే ప్రధానమైన దిక్కు. సన్నరకం పండించినవానికి విపణిలో పలుకుబడి ఉన్నది.

2024 నాటికి గోదాములు మళ్లీ నిండాయి. సెప్టెంబరు చివరలో తెల్లబియ్యం నిషేధం తొలగి, టన్నుకు 490 డాలర్ల కనీస ఎగుమతి ధర వచ్చింది. అక్టోబరులో అదీ పోయింది. ఉప్పుడు బియ్యంపై సుంకం రద్దయింది. 2025 మార్చిలో నూకకు కూడ అనుమతి లభించింది. 2024-25లో దేశపు బియ్యం ఉత్పత్తి సుమారు 15 కోట్ల టన్నులు, ఎగుమతి సుమారు 2 కోట్ల టన్నులు. మూసిన వేగానికి తెరిచిన వేగం ఏమీ తీసిపోలేదు. అయితే ఒకసారి వెళ్లిపోయిన కొనుగోలుదారు వియత్నాంతోనో పాకిస్తాన్‌తోనో కుదుర్చుకొన్న బేరాన్ని వదలుకొని తిరిగి రావాలంటే కాలం పడుతుంది.

బియ్యంతోబాటు నీరు కూడ వెలుపలికి పోతున్నదన్న విమర్శ ఒకటి ఉన్నది. దానిని పెడచెవిని పెట్టరాదు. కిలో బియ్యం పండడానికి కొన్ని వేల లీటర్ల నీరు కావాలి. గోదావరి డెల్టాలో ఆ నీరు సముద్రంలో కలిసే ముందు చేలో నిలుస్తుంది. కరెంటు మోటారుతో భూగర్భంనుండి తోడే చోట లెక్క వేరు. పంజాబులో భూగర్భజలం ఏటేటా క్రిందికి దిగిపోతున్నది. ఉచిత విద్యుత్తు, వరికి మాత్రమే నమ్మకమైన కొనుగోలు కలిసినప్పుడు రైతు మరొక పంట వైపు చూడడు. పప్పులకు, నూనెగింజలకు కూడ మద్దతు ధర ప్రకటిస్తారు. కాని కళ్లం వద్దకు వచ్చి కొనేవారు అరుదు. పంట మార్పిడిని ఉపన్యాసాలతో సాధించలేము. కందిని కూడ వరివలె కొంటే అది దానంతట అదే జరుగుతుంది.

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టంలో పేద రైతుకు నీటి వసతి కల్పించడాన్ని గురించి, రేవులను బాగుచేసి వర్తకాన్ని పెంచడాన్ని గురించి రెండింటినీ చెప్పాడు. చేను, రేవు ఒకే రాజ్యంలోని రెండు కొసలన్న దృష్టి అందులో ఉన్నది. ఇప్పటి ఏర్పాటులో చేను రాష్ట్రాల పరిధిలోనిది, రేవునుండి వెలుపలికి సాగే వర్తకం కేంద్రం పరిధిలోనిది. నీటిని, విద్యుత్తును ఇచ్చి పంటను పెంచేది ఒకరు. దానికి తలుపు తీసేది, వేసేది మరొకరు. నాట్లకు ముందే ఆ ఏటి ఎగుమతి నిబంధనలు తెలియజేయడం, నిల్వలు ఇంతకు తగ్గితే ఇంత సుంకం అని ముందుగా ప్రకటించిన కొలబద్దను పాటించడం సాధ్యమే. నిషేధంకన్న సుంకం మేలు. సుంకం ధరను తగ్గిస్తుంది గాని తలుపును మూయదు.

2025 మార్చి 31న కాకినాడ రేవునుండి ఫిలిప్పీన్స్‌కు ఒక ఓడ బయలుదేరింది. అందులో ఉన్నది తెలంగాణ ప్రభుత్వం పంపిన 12,500 టన్నుల బియ్యం. రకం ఎం.టి.యు. 1010. కాటన్ దొర సన్నాలు అని దాని వ్యవహార నామం. మారుటేరులో కృష్ణవేణి అనే రకాన్ని ఐ.ఆర్.64తో సంకరపరచి దానిని రూపొందించారు. ఆ ఐ.ఆర్.64 పుట్టినది ఫిలిప్పీన్స్‌లో.